కదలిక ఎవరిది?



కూలిరేట్ల గురించి, పని గంటల గురించి మాట్లాడుకునే సదస్సులో సినిమా యంత్రాల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ యంత్రాల ముందు నిలబడేదీ శ్రమ చేసే స్త్రీలే కనుక మాట్లాడుతున్నాను.

హైదరాబాదులో ఒక చిన్న యానిమేషన్ స్టూడియోలో నేను పనిచేస్తున్నాను. మనిషి కదలికను పట్టి కంప్యూటర్ బొమ్మకు అమర్చడాన్ని మోషన్ క్యాప్చర్ అంటారు. 2014లో సౌందర్యా రజనీకాంత్ దర్శకత్వంలో వచ్చిన 'విక్రమసింహ' ఈ పద్ధతిలో తీసిందే. పెద్ద స్టూడియోల్లో నటుల ఒంటికి మెరిసే చుక్కలు అంటించి, చుట్టూ ఎన్నో కెమెరాలు పెడతారు. మాకంత స్తోమత లేదు. సెన్సర్లు అమర్చిన సూట్ అద్దెకు తెచ్చి ప్రయత్నించాం. దీనికి ఒక గది చాలు. అయితే దగ్గర్లో ఇనుము ఉంటే లెక్క తప్పుతుంది, బొమ్మ పాదాలు నేలమీద జారిపోతాయి. వాటిని సరిచేయడానికి మళ్ళీ మనిషే కూర్చోవాలి.

ఆ సూట్ వేసుకున్నది సినిమాల్లో గ్రూప్ డాన్సులు చేసే ఒక అమ్మాయి. ఒంటికి అతుక్కునే బట్టలు. మార్చుకోవడానికి వేరే గది కావాలని, సెన్సర్లు సరిచేసేది ఆడమనిషే అయ్యుండాలని ముందే పట్టుబట్టాం. రోజంతా ఆమె నడిచింది, పరుగెత్తింది, పడింది, ఆడింది. ఒకరోజు కూలి తీసుకుంది. కదలికలు మాత్రం ఫైళ్ళుగా మా దగ్గర మిగిలిపోయాయి. వాటిని ఏ బొమ్మకైనా, ఎన్నిసార్లైనా తొడగవచ్చు. "అయితే ఇక నన్ను పిలవక్కర్లేదన్నమాట, కదక్కా?" అని ఆమె అడిగింది.

చట్టం ఏమంటోంది? కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రదర్శకులకు రాయల్టీలో వాటా ఇచ్చింది, తమ పేరు వేయమని అడిగే హక్కూ ఇచ్చింది. కానీ సినిమాలో చిన్నాచితకా పనిచేసి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేరు వేయనివారిని ఈ రెండు హక్కులకూ ప్రదర్శకులుగా లెక్కించదు. పేరు వేయకపోవడమే ఆనవాయితీ అయినచోట హక్కు అడిగేదెవరు?

అమెరికాలో వీడియో గేముల కళాకారులు, కదలికలు ఇచ్చేవారితో సహా, కృత్రిమ మేధ నుంచి రక్షణ కోరుతూ 2024 జులైలో సమ్మెకు దిగారు. 2025లో ఒప్పందం సాధించుకున్నారు. వారికి యూనియన్ ఉంది. మన గ్రూప్ డాన్సర్లలో చాలామందికి చేతిలో ఒప్పంద కాగితమైనా ఉండదు.

మా స్టూడియోలో ఒక పేజీ ఒప్పందం రాయించాం, తెలుగులో. కదలికలు ఒక్క చిత్రానికే వాడాలి. మరోచోట వాడితే మళ్ళీ అనుమతి, మళ్ళీ డబ్బు. యంత్రానికి నేర్పడానికి వాడకూడదు. తెరమీద పేరు వేయాలి. యాజమాన్యం మొదట గొణిగింది, తర్వాత సంతకం పెట్టింది.

చిన్న స్టూడియోలు ఈ పరికరాలను ఇంకా పరీక్షించి చూస్తున్నాయి. పద్ధతులు పాతుకుపోతే మార్చడం కష్టం. సినీ కార్మికుల మధ్య పనిచేసే సంఘాలు ఈ ఒప్పందాన్ని ఇప్పుడే తమ కోర్కెల పత్రంలో చేర్చాలని కోరుతున్నాను.