పోలీసు జట్టు కథ



మన ఊళ్లల్లో పిల్లోళ్లు సాయంత్రమైతే ఏం ఆట ఆడతారు? కబడ్డీ ఆడతారు. ఎక్కువ మంది క్రికెట్ ఆడతారు. పెద్ద బంతిని కాళ్లతో తన్నే ఆట మన పల్లెల్లో తక్కువ. దాన్నే ఫుట్‌బాల్ అంటారు. ఒక్కో వైపు 11 మంది ఉంటారు. గంటన్నర సేపు ఆడతారు. ఆట నడిచేటప్పుడు బంతిని చేత్తో తాకకూడదు. గోలు దగ్గర కాపలా ఉండే ఒక్క మనిషి మాత్రమే, అదీ తన గోలు ముందర గీసిన గీతల లోపలే, చేత్తో పట్టుకోవచ్చు. కావలసింది ఒక బంతి, కొంచెం బయలు. అందుకే పేదోళ్ల పిల్లలు కూడా ఆడగలిగారు.

ఈ ఆటలో ఒకప్పుడు దేశాన్నే గెలిచిన జట్టు ఒకటి ఉండేది. అది రాజుల జట్టు కాదు, షావుకార్ల జట్టు కాదు. పోలీసుల జట్టు. పేరు హైదరాబాద్ సిటీ పోలీస్.

జట్టులో ఉన్నవాళ్లకు పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. ఆట బాగా ఆడితే చాలు, పేదింటి పిల్లోడు కూడా ఆ జట్టులోకి, ఆ ఉద్యోగంలోకి వెళ్లగలిగేవాడు. సగం ఉద్యోగం, సగం ఆట. కానిస్టేబుల్ జీతం పెద్ద జీతమేం కాదు. కానీ నెల నెలా వచ్చే జీతమంటే ఏమిటో కూలికి పోయేవాళ్లకు ఒకరు చెప్పాలా? వాన పడితేనే పని, పని ఉంటేనే కూలి. కూలి లేని రోజున కొడుకు బంతి వెంట పరుగెత్తుతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? జీతం తెచ్చే ఆట అయితే మాత్రం ఇంట్లోవాళ్లు అడ్డు చెప్పరు.

అట్లా చేరినవాళ్లలో తురకలు ఉన్నారు, హిందువులు ఉన్నారు, కిరస్తానీలు ఉన్నారు. చాలామంది సన్నకారు ఇండ్ల పిల్లలే.

వీళ్లకు ఆట నేర్పిన గురువు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఆయన పోలీసు కాదు. బడిపంతులు. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. పంతులు కాబట్టి ఆటను కూడా పాఠం మాదిరిగానే చెప్పాడు. ఎవరికి ఏది రాదో ముందు అదే చూసేవాడు.

మనిషికి ఒక కాలు గట్టిది, ఒక కాలు మెత్తది. కుడికాలితో బంతి తన్నేవాడు ఎడమకాలిని ఊరికే వెంట తిప్పుకుంటాడు. రహీం సాబ్ దీనికి ఒక పోటీ పెట్టాడు. ఆ పోటీలో మెత్తకాలితోనే బంతి కొట్టాలి. గట్టికాలితో కొడితే లెక్కలోకి రాదు. మొదట అందరూ తడబడేవాళ్లు. మన అక్షర కేంద్రంలో మొదటి రోజు పలక పట్టిన ఆడవాళ్ల సంగతి గుర్తు చేసుకోండి. కొడవలి పట్టిన చేతికి బలపం ఎంత బరువైందో! ఆ ఆటగాళ్లదీ అదే పాటు. ఆడగా ఆడగా రెండు కాళ్లూ ఒకటే అయినాయి. ఎదుటివాళ్లకు మాత్రం బంతి ఏ కాలి నుంచి వస్తుందో తెలిసేది కాదు.

ఇంకొక పోటీ పొట్టివాళ్లకు. పొడుగు ఎక్కువ ఉన్నవాళ్లకు అందులో చోటు లేదు. చిన్న పిల్లలను, బక్క పిల్లలను పెద్దవాళ్లు తోసేస్తారు కదా. ఈ పోటీలో తోసేవాళ్లు ఉండరు. పొట్టిపిల్లోడి నేర్పు బయటపడుతుంది. మరొక పోటీలో బంతిని తన దగ్గరే పెట్టుకుని తిప్పుకుంటూ పోకూడదు. అందినవెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఒక్కడు పేరు తెచ్చుకుంటే చాలదు, పదకొండు మందీ కలిసి ఆడాలన్నది ఆయన పట్టు.

ఇక జట్టు గెలుపుల సంగతికి వద్దాం.

మన దేశంలో రెండు పాత కప్పులు ఉండేవి. ఒకటి డ్యూరాండ్ కప్పు. 1888లో తెల్లదొరలు సిమ్లాలో మొదలుపెట్టారు. తర్వాత అది ఢిల్లీకి వచ్చింది. రెండవది బొంబాయిలో రోవర్స్ కప్పు. అది 1891లో మొదలైంది. చాలా ఏళ్లు వాటిని తెల్ల సిపాయిల జట్లే గెలుస్తూ వచ్చాయి. 1937లో బెంగళూరు జట్టు ఒకటి రోవర్స్ కప్పు గెలిచింది. 1940లో కలకత్తా జట్టు ఒకటి డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఆ రెండు కప్పులనూ గెలిచిన మొదటి మన దేశపు జట్లు అవే. తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది. తెల్లవాళ్లు పోయారు. అప్పుడు కలకత్తా జట్లకు ఎదురు లేదనుకున్నారు.

1950లో హైదరాబాదు పోలీసులు బొంబాయికి పోయి రోవర్స్ కప్పు గెలిచారు. అదే ఏటి డ్యూరాండ్ పోటీలో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి ఆ కప్పు కూడా తెచ్చారు. దేశమంతా ఎవరీ పోలీసులు అని చూసింది. 1951లో మళ్లీ రోవర్స్ కప్పు. 1952లో మళ్లీ. 1953లో మళ్లీ. 1954లో మళ్లీ. వరసగా ఐదేళ్లు ఒకే జట్టు!

ఇక్కడ మన కర్నూలు సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. చాలినన్ని భవనాలు లేవు. డేరాలు వేసి ఆఫీసులు నడిపారు. మన ముసలివాళ్లు ఆ డేరాల సంగతి కథలు కథలుగా చెప్పేవాళ్లు. అదే ఏడు హైదరాబాదు పోలీసు జట్టు నాలుగోసారి బొంబాయి కప్పు ఎత్తింది. అప్పటికి హైదరాబాదు మనది కాదు, వేరే రాష్ట్రం. 1956 నవంబరు 1న రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. కర్నూలోళ్లకు ఆ బాధ చాలా కాలం ఉండింది. అయితే ఆ కలయికతో మన కర్నూలు, కడప జిల్లాల పోలీసులూ, ఆ జట్టు పోలీసులూ ఒకే రాష్ట్రం వాళ్లయ్యారు. తర్వాత జట్టు పేరు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని మారింది. 1961లో ఆ పేరుతోనే డ్యూరాండ్ కప్పు గెలిచింది. అంతకుముందు 1954లోనూ, 1957లోనూ పాత పేరుతో గెలిచి ఉంది. అంటే మొత్తం నాలుగుసార్లు.

అప్పట్లో చాలామంది మన ఆటగాళ్లు వట్టి కాళ్లతోనే ఆడేవాళ్లు. కాలికి గుడ్డపట్టీ చుట్టుకుంటే అదే చెప్పు, అదే బూటు. 1952లో హెల్సింకి అనే చలి ఊరిలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. అక్కడ మన దేశం జట్టు యుగోస్లావియా చేతిలో ఓడింది. ఎంత తేడాతో? వాళ్లకు 10 గోళ్లు, మనకు ఒకటి. వట్టి కాళ్లు చలికి, తడి నేలకు నిలవలేదు. ఆ తర్వాత బూట్లు వేసుకుని తీరాలని నియమం పెట్టారు.

నియమం పెట్టడం తేలిక. బూట్లు కొనేదెట్లా?

సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పిల్లోడు ఉండేవాడు. పేద ఇల్లు. ఆటంటే ప్రాణం. బూట్లకు దుడ్లు లేవు. చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోయి అడిగాడు. ఆయన పోలీసులు పారేసిన పాత బూట్లను తీసుకుని ఆటబూట్లుగా మార్చి కుట్టి ఇచ్చాడు. పెద్దవాడయ్యాక బలరామే ఈ సంగతి చెప్పుకున్నాడు. పోలీసుల పాత బూట్లు తొడుక్కున్న ఆ పిల్లోడే తర్వాత పోలీసు జట్టులో ఆడాడు.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్ పోటీలకు మన దేశం జట్టు పోయింది. గురువు రహీం సాబే. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు చాలామంది. పోలీసు జట్టు నుంచి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఉన్నారు. ఇరవై ఏళ్ల బలరాం ఉన్నాడు. మొదట ఆ దేశం వాళ్లనే, ఆస్ట్రేలియాను, 4-2 తేడాతో ఓడించారు. చివరికి నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంత పైకి పోవడం అదే మొదలు. ఇప్పటివరకు మళ్లీ అంత పైకి పోలేదు.

తర్వాత 1962. జకార్తాలో ఆసియా క్రీడలు. రహీం సాబ్‌కు అప్పటికే కేన్సర్ జబ్బు. అయినా జట్టు వెంట పోయాడు. సెప్టెంబరు 4న చివరి ఆట. ఎదురు దక్షిణ కొరియా. అక్కడి జనానికి మనవాళ్ల మీద వేరే కారణంతో కోపం ఉండింది. మైదానమంతా మనకు ఎదురుగా అరిచింది. అయినా మనవాళ్లు 2-1 తేడాతో గెలిచి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టులో బలరాం ఉన్నాడు, పోలీసు జట్టు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు.

1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయాడు. చాలా ఏళ్లు ఆయన్ను లోకం మరిచిపోయింది. 2024లో ఆయన కథతో హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చాకనే కొత్తవాళ్లకు ఆ పేరు తెలిసింది.

మరి అంత గొప్ప జట్టు ఏమయింది?

గురువు పోయాడు, అది ఒక దెబ్బ. రెండో దెబ్బ జీతంది. కలకత్తాలో పెద్ద క్లబ్బులు ఉన్నాయి. వాళ్లు ఎక్కువ దుడ్లు ఇచ్చేవాళ్లు. మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే అక్కడికి పోయారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్ జట్టుకు పోయాడు. వాళ్లను తప్పు పట్టలేం. పని ఉన్న చోటికి, కూలి ఎక్కువ ఉన్న చోటికి పోయేవాళ్లు మన సీమలో ఇంటింటా ఉన్నారు. పోయినవాళ్ల చోటులోకి అంతటివాళ్లు మళ్లీ రాలేదు. పోలీసు జట్టు మిగిలింది గానీ, ఆ రోజులు తిరిగి రాలేదు.

పోయినవాళ్లు అందరూ ఒకటే దారి పట్టలేదు. హైదరాబాదు పిల్లోడే మహమ్మద్ హబీబ్. 1966లో కలకత్తా పోయాడు. ఉద్యోగాలు ఇస్తామని పిలిచినా వద్దన్నాడు. ఆట ఒక్కటే తన పని అన్నట్టు బతికాడు. 1977లో ప్రపంచంలోనే పెద్ద ఆటగాడు పీలే కలకత్తా వచ్చినప్పుడు ఆయన జట్టు మీద ఒక గోలు కొట్టాడు హబీబ్. 2023లో చనిపోయాడు.

బలరాం కథ వేరు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు చేసింది. 27 ఏళ్లకే పెద్ద ఆట ఆగిపోయింది. ఆయన రైల్వే ఉద్యోగంలో చేరాడు. ఆ ఉద్యోగమే ముసలితనం దాకా అన్నం పెట్టింది. బెంగాలులోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. హబీబ్ ధైర్యం మెచ్చదగిందే. కానీ జబ్బు చెప్పి రాదు. బిడ్డలను సాకే తల్లులు బలరాం లెక్కనే ఎక్కువ మెచ్చుకుంటారేమో.

ఇంతసేపూ అన్నీ మగవాళ్ల పేర్లే చెప్పుకున్నాం. నిజమే. ఆ పోలీసు జట్టులో ఆడవాళ్లకు చోటు లేదు. ఆ రోజుల్లో ఆడపిల్ల లాగు తొడుక్కుని మైదానంలోకి వస్తే ఊరు ఊరుకునేది కాదు.

ఇప్పుడు మన పక్కనున్న అనంతపురం చూడండి. మన సీమే, మన కరువే. అక్కడ ఆర్.డి.టి. సంస్థ పల్లె పిల్లలకు ఈ ఆట నేర్పించింది. మగపిల్లలతోపాటు ఆడపిల్లలకూ నేర్పించింది. శెనక్కాయల చేలలో పనిచేసే ఇండ్ల ఆడపిల్లలు బంతాట ఆడడానికి స్పెయిన్ దేశం దాకా పోయి వచ్చారు.

నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఉంది. లంబాడీ బిడ్డ. 2022లో క్రొయేషియా అనే దేశపు జట్టులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ ఆడవాళ్ల జట్టులో ఆడింది. బలరాం ఆడిన ఈస్ట్ బెంగాలే అది! 2025లో ఆ జట్టు దేశంలోని ఆడవాళ్ల లీగు గెలిచింది. దేశంలో ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి సౌమ్యే అని ఫుట్‌బాల్ సంఘం ప్రకటించింది.

సర్కారు ఉద్యోగాలలో ఆటలాడినవాళ్లకు కొంత వాటా ఇప్పటికీ ఉంది. ఆడపిల్లలకు కూడా ఉంది. పోలీసు ఉద్యోగాలలో ఆడవాళ్లూ చేరుతున్నారు. కానీ నోటి మాట మీద ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కాగితం అడుగుతారు. బిడ్డ బడి తరఫున, జిల్లా తరఫున ఆడి వస్తే సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని గోడకు అంటించి పాడు చేయొద్దు. బియ్యం డబ్బాలో మడిచి పెట్టొద్దు. చేతికి రాగానే మీరే చదవండి. బిడ్డ పేరు, ఇంటి పేరు బడి రికార్డులో ఉన్నట్టే ఉన్నాయా? పుట్టిన తేదీ సరిగా ఉందా? ఏ పోటీ, ఏ ఊరు, ఏ తేదీ అన్నది రాశారా? కింద సంతకం, ముద్ర ఉన్నాయా? ఒక్క అక్షరం తప్పు ఉన్నా ఆ రోజే ఆటల సారుతో చెప్పి దిద్దించుకోండి.