ఔషధ లేపనముల కూర్పు

(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



వైద్యమున ఔషధమునకెంత స్థానము కలదో అనుపానమునకును అంత స్థానము కలదు. ఒకే మాత్రను తేనెతో ఇచ్చినపుడొక విధముగను, అల్లపురసముతో ఇచ్చినపుడు వేరొక విధముగను పనిచేయునని పెద్దలు చెప్పుదురు. లోపలికిచ్చు మందునకు అనుపానమెట్టిదో, పైని పూయు మందునకు ఆధారద్రవ్యమట్టిది. అంగడిలో కొన్న క్రీము ట్యూబుమీద ఔషధము నూటికి 1 పాలనియో, 2 పాళ్లనియో వ్రాసియుండును. తక్కిన 98 పాళ్లు ఏమిటని అడుగువారు అరుదు. ఆ 98 పాళ్ల లెక్కయే నేటి ప్రసంగమునకు విషయము.

క్రీమనగా నూనెయు నీరును కలసిన ముద్ద. ఈ రెంటికిని సహజముగా పొత్తు కుదరదు. కుదిరిన రూపములు రెండు ప్రతియింటను కలవు: పాలు, వెన్న. పాలలో నీటి నడుమ కొవ్వు బిందువులుండును. వెన్నలో కొవ్వు నడుమ నీటి బిందువులుండును. అందుచేతనే పాలలో నీరు పోసిన కలసిపోవును. వెన్నను నీట వేసిన తేలును. క్రీములును ఈ రెండు జాతులే. పాలజాతి క్రీము పూయగనే ఇంకిపోవును, కడిగిన పోవును. వెన్నజాతి క్రీము జిడ్డుగా నిలిచి, చర్మమందలి తేమను వెలుపలికి పోనీయదు.

ఈ విద్య క్రొత్తది కాదు. చరకసంహితయందు శతధౌతఘృతము ప్రసక్తమైయున్నది. నేతిని చల్లని నీటితో నూరుమారులు కడుగగా పలుకుతనము పోయి, తెల్లని మెత్తని ముద్దయగును. పడమటి దేశములందు క్రీ.శ. 2వ శతాబ్దమునాటి వైద్యుడగు గాలెను పేర ఒక లేపనము ప్రసిద్ధమైనది. తేనెమైనము, ఆలివు నూనె, గులాబినీరు దాని ద్రవ్యములు. పూసినపుడు నీరు ఆవిరియై చర్మము చల్లబడును గనుక దానికి కోల్డుక్రీమను పేరు కలిగెను. అయితే నిలువయుంచినచో అందలి నీరు వేరుపడెడిది. తరువాతివారు వెలిగారము చేర్చిరి. అది మైనమందలి ఆమ్లముతో కలసి ఒకవిధమగు సబ్బుగా మారి, నూనెను నీటిని పట్టియుంచెను. ఇట్లు రెంటిని కలిపియుంచు ద్రవ్యమును మధ్యవర్తి యనవచ్చును.

ద్రవ్యములను ఎన్నుకొనువాడు ముందుగా వ్యాధిని చూడవలెను. రసి కారు పుండుపై జిడ్డు మలాము పూసిన, రసి లోపలనే నిలిచి చర్మము నానును. అచ్చట పాలజాతి మేలు. పొలుసులు రాలు చర్మమునకును, బీటలువారిన మడమకును వెన్నజాతి క్రీము గాని, నీరు లేని మలాము గాని మేలు. రెండవది, ఔషధము దేనిలో కరగునో చూడవలెను. ఆధారద్రవ్యమున మిక్కిలి సులభముగా కరగు ఔషధము దానిని విడిచి చర్మములోనికి పోవుటకు ఇష్టపడదు. అసలు కరగనిది మెత్తగా నూరబడనిచో ఇసుకవలె గీరును. మూడవది, నీరున్నచోట బూజును సూక్ష్మజీవులును పెరుగును గనుక నిలువద్రవ్యము కావలెను. అది తక్కువైన క్రీము చెడును. ఎక్కువైన చర్మము మండును.

చేయు పద్ధతియందును జాగ్రత్త అవసరము. మైనమును నూనెను ఒక పాత్రలోను, నీటిని వేరొక పాత్రలోను ఇంచుమించు 70 డిగ్రీల వేడికి తెచ్చి, కలిపి, చల్లారువరకు కలియబెట్టుదురు. చన్నీరు పోసినచో మైనము ముందే గడ్డకట్టి క్రీము పలుకులగును.

ఇక మధ్యవర్తిని గూర్చిన లెక్క ఒకటి వినదగినది. ఇంగ్లండులో ఆక్వియసు క్రీమను లేపనమును గజ్జివంటి చర్మవ్యాధులలో చర్మము పొడిబారకుండుటకై చిరకాలము వాడిరి. అందు ఔషధమే లేదు. కావున హానియు లేదని తలచిరి. బ్రిటిషు ఔషధసంహిత ననుసరించి 100 గ్రాముల క్రీములో నీరు 69 గ్రాములు, నిలువద్రవ్యము 1 గ్రాము, మలాము 30 గ్రాములు. ఆ మలాములో నూటికి 30 పాళ్లు మైనము; అనగా 9 గ్రాములు. ఆ మైనములో పదియవ వంతు సోడియం లారిల్ సల్ఫేటు, అనగా 0.9 గ్రాము. షాంపూలలో నురుగునిచ్చు ద్రవ్యమిదియే. తలకు రాచి కడిగివేయునది ఒకటి, చర్మముపై నిలిపియుంచునది మరియొకటి. 2010లో బాతు విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతుల చేతులపై ఈ క్రీమును 4 వారములు పూయించి చూడగా, చర్మపు పైపొర మందము పదియవ వంతుకు మించి తగ్గెను. 2013లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ, ఈ క్రీము వలన కొందరికి, ముఖ్యముగా చర్మవ్యాధిగల పిల్లలకు, మంటయు దురదయు కలుగవచ్చునని హెచ్చరించెను. పెద్ద పద్దులన్నియు సరిపోయినవి. నష్టము చిల్లర పద్దులో దాగియుండెను. ఇదే పనిని మరింత సౌమ్యముగా చేయు మధ్యవర్తులు లేకపోలేదు. సెటోమాక్రోగాలు అట్టిది.

ఇందువలన గృహస్థులు గ్రహింపవలసినది కలదు. రెండు క్రీములను అరచేతిలో కలిపి పూయుట, మిగులునని నీరు చేర్చుట మంచిది కాదు. కూర్పు విరిగి నీరు వేరుపడవచ్చును, నిలువద్రవ్యము పలుచబడును, ఔషధమొకచోట ఎక్కువగను ఒకచోట తక్కువగను అంటును. ముఖము తెల్లబడునని స్టెరాయిడు క్రీమును వేరొక క్రీముతో కలిపి నెలల తరబడి పూయుట మరియు ప్రమాదకరము. చర్మము పలుచబడి, నెత్తురు నాళములు పైకి కనబడును. 2018లో భారత ప్రభుత్వము అట్టి క్రీములను పలింటిని వైద్యుని చీటితో మాత్రమే అమ్మదగిన వాని పట్టికలో చేర్చెను. డబ్బీలో తడివ్రేలు ముంచరాదు. పొయ్యికడ ఉంచరాదు. విరిగి నీరు తేలిన క్రీము వాడరాదు. పూసిన పిదప మంట పుట్టినచో మందు తీవ్రతయని ఓర్చుకొనక, అందలి ద్రవ్యముల పట్టికను వైద్యునికి చూపవలెను.

ఆ పట్టిక చిన్న అక్షరములతో ట్యూబు వెనుక అచ్చుపడియుండును. చదువు వచ్చినవాడు దానిని చదువవలెను. రానివారికి చదివి వినిపింపవలెను. గ్రంథాలయము నేర్పిన అక్షరమునకు అదియు ఒక సార్థకతయే. ఇరువదియైదు వత్సరములుగా ఈ గ్రామమునకు అక్షరభిక్ష పెట్టిన ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!