హైస్కూలు ఆట కాలేజీ గడప దాకా తీసుకుపోతుందా?

(పెన్షనర్ల దినోత్సవం నాడు గుమ్మఘట్టలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17వ తేదీన మనం కలిసినప్పుడు 1982 నాటి నకారా కేసు తీర్పును తలచుకోవడం, డి.ఆర్. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి చర్చించుకోవడం ఆనవాయితీ. వాటిని నాకన్నా బాగా చెప్పగల మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. అందుచేత నేను ఈసారి వేరే విషయం ఎత్తుకున్నాను. అందుకు కారణం మా ఇంట్లో లేచిన ఒక తగవు.

మా మనవరాలు ప్రభుత్వ హైస్కూలులో పదవ తరగతి చదువుతున్నది. 800 మీటర్ల పరుగులో జిల్లాలో గెలిచి, రాష్ట్రస్థాయి పోటీలకు పోయివచ్చింది. వచ్చే జూన్‌లో ఇంటర్మీడియట్‌లో చేరాలి. మా అబ్బాయి, "ఇంక పరుగులు చాలు నాయనా, పట్నంలో హాస్టలున్న కాలేజీలో ఎం.పి.సి.లో చేరుస్తా" అంటాడు. మా కోడలు మాత్రం నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "మామా, ఈ పరుగులకు రేపు కాలేజీలో సీటు వస్తాదా, రాదా? ముప్పై మూడేండ్లు ఆఫీసులో కాగితాలు చూసినోరు, మీరే చెప్పండి" అన్నది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో మొదట మీతో మనవి చేసుకుంటాను.

1990ల మొదట్లో మా వీధిలో ఒక వేరుశనగ రైతు కొడుకు ఉండేవాడు. కబడ్డీలో చిరుతపులి లాంటివాడు. హైస్కూలులో ఉండగా రాష్ట్రస్థాయి పాఠశాలల పోటీలలో జిల్లా జట్టుకు ఆడాడు. ఇంటర్ అయిన తరువాత ఒక కాలేజీలో క్రీడాకోటా కింద దరఖాస్తు పెట్టుకుంటానని నా దగ్గరికి వచ్చాడు. ఊళ్ళో అందరి దరఖాస్తులు నింపేది నేనే కదా. వాడి చేతిలో అరడజను సర్టిఫికెట్లు ఉన్నాయి. అన్నీ తిరునాళ్ళలో, యువజన సంఘాల టోర్నమెంట్లలో ఇచ్చినవి. రంగురంగుల అచ్చు, పైన కప్పు బొమ్మ. హైస్కూలు తరఫున ఆడిన దాని పత్రం మాత్రం లేదు. "ఇవి చాలవా సార్?" అని వాడడిగితే, "ఆరున్నాయి కదరా, ఎందుకు చాలవు?" అని నేనే పిన్ను కొట్టి పంపించాను. ఆ పత్రాలు చెల్లవని కాలేజీవారు తిప్పి పంపారు. అసలైన పత్రం కోసం బడికి పోతే వ్యాయామోపాధ్యాయుడు బదిలీ అయ్యాడు, పాత రిజిస్టరు చెదలు తిన్నది. గడువు దాటిపోయింది. వాడు చదువు మాని ట్రాక్టరు నడుపుకున్నాడు. ఇప్పటికీ ఎదురైతే "బాగున్నారా సార్" అని చేతులెత్తి నమస్కరిస్తాడు. ఆ నమస్కారం నాకు బరువుగా ఉంటుంది. ఆఫీసులో ఒక సంతకం తక్కువైతే ఫైలు వెనక్కి పంపిన గుమాస్తాను, నా వీధి పిల్లవాడి కాగితం దగ్గర నిర్లక్ష్యం చేశాను.

అందుకే ఈసారి నాలుగు చోట్ల విచారించి, నిబంధనలు చదివి, తరువాతనే నోరు విప్పుదామనుకున్నాను. నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను. మీ ఇళ్ళలోనూ మనవలు, మనవరాళ్ళు ఉన్నారు కదా.

మొదటి సంగతి, బడి ఆటలకు ఒక నిచ్చెన ఉన్నది. 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 14, 17, 19 ఏండ్ల లోపు వారికి వేరువేరుగా పోటీలు జరుపుతుంది. మండలంలో గెలిచినవారు జిల్లాకు, జిల్లాలో ఎంపికైనవారు రాష్ట్రానికి, అక్కడ ఎంపికైనవారు జాతీయ పోటీలకు పోతారు. ఈ నిచ్చెనలో కింది మెట్ల మీద దొరికే కాగితానికి ఇంట్లో గోడమీద విలువ ఉంటుంది, కోటాలో దాదాపు ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించి 1980 ఆగస్టు 4న వచ్చిన ఉత్తర్వును చూడండి. జాతీయ పాఠశాలల పోటీలలో రాష్ట్ర జట్టు తరఫున ఆడినవారిని అది గుర్తిస్తుంది. దానికి నాలుగవ నమూనా ఫారం. ఆ ఫారం మీద సంతకం చేయవలసింది రాష్ట్ర విద్యాశాఖ డైరెక్టరు కార్యాలయంలో క్రీడలు చూసే అధికారి. హెడ్మాస్టరు సంతకం చాలదు. విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకు మూడవ నమూనా, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలలో ఆడినవారికి రెండవ నమూనా, దేశం తరఫున ఆడినవారికి మొదటి నమూనా. జిల్లా పోటీలకు అందులో ఫారమే లేదు.

రెండవ సంగతి, కోటా ఎంత? మన రాష్ట్రంలో ఇంజనీరింగు వంటి వృత్తి విద్యా కోర్సులలో క్రీడాకారులకు అర శాతం. అంటే రెండు వందల సీట్లకు ఒకటి. ప్రభుత్వ ఉద్యోగాలలో 2 శాతంగా ఉన్నదానిని 2024లో వచ్చిన క్రీడా విధానంలో 3 శాతం చేశారు. మదరాసు ఐ.ఐ.టి. వారు 2024 నుంచి క్రీడాకారుల కోసం ప్రతి డిగ్రీ కోర్సులోను అదనంగా రెండు సీట్లు పెట్టారు. అందులో ఒకటి ఆడపిల్లలకే. అయితే జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్‌లో అర్హత రావాలి, గత నాలుగేండ్లలో జాతీయ లేక అంతర్జాతీయ పోటీలలో ఒక్క పతకమైనా ఉండాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పత్రాలకు కొన్ని మార్కులు, మైదానంలో ఆడించి చూసినదానికి కొన్ని మార్కులు, ప్రవేశ పరీక్షకు కొన్ని మార్కులు వేస్తారు. అంటే పత్రం గేటు దాటిస్తుంది, ఆ తరువాత కాళ్ళే పరుగెత్తాలి.

మూడవ సంగతి మన పొరుగున ఉన్నది. మనకు కర్ణాటక పిలిస్తే పలికేంత దూరం. మంగళూరు దగ్గర మూడబిదిరెలో ఆళ్వాస్ విద్యాసంస్థల వారు ఆటల్లో ప్రతిభ ఉన్న పిల్లలను దత్తత తీసుకున్నట్టు చేర్చుకొని చదువు, భోజనం, వసతి ఉచితంగా ఇస్తారు. ఇటువంటి చోట పరుగు పిల్లను అడిగేది ముఖ్యంగా రెండు మాటలు. నీ టైము ఎంత? అది ఏ పోటీలో, ఎవరు లెక్క కట్టారు?

ఆ రెండవ మాట ఎంత ముఖ్యమో చెప్పడానికి మన తెలుగు బిడ్డ జ్యోతి యర్రాజీనే ఉదాహరణ. విశాఖపట్నంలో కాపలా ఉద్యోగం చేసే తండ్రి బిడ్డ. బడిలో పరుగెత్తుతూ పైకి వచ్చి, 2015లో రాష్ట్ర పోటీలలో బంగారు పతకం గెలిచి, తరువాత హైదరాబాదులో శిక్షణ పొందింది. 2020 జనవరిలో అదే మూడబిదిరెలో అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీలలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. కానీ ఆ పోటీలో ఆమెకు డోపింగు పరీక్ష జరగలేదని రికార్డు ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లోనూ రికార్డును మించి పరుగెత్తింది. గాలి వేగం సెకనుకు 2.0 మీటర్లు మించరాదు, ఆనాడు 2.1 ఉన్నదని అదీ లెక్కకు రాలేదు. చివరకు 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23తో రికార్డు ఆమె పేర వ్రాశారు. ముందటి రెండింటికన్నా అది నెమ్మదైన పరుగే. దానికి కాగితం సరిగ్గా ఉన్నది, అంతే తేడా. ఆమె 2023లో ఆసియా విజేత అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. అంతటి క్రీడాకారిణికే ఈ తిప్పలు తప్పలేదు. ఇక మన పల్లె పిల్లల మాట చెప్పాలా?

మన జిల్లాలోనే మరొక దారి కూడా ఉన్నది. నార్పల మండలం బండ్లపల్లి మీకు గుర్తుండే ఉంటుంది, 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన ఊరు. ఆ ఊరి బిడ్డ బారెడ్డి అనూష అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడా అకాడమీలో క్రికెట్ నేర్చుకొని 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకు ఆడింది. అంటే బడి జట్టు ఒక్కటే దారి కాదు, అకాడమీలు ఉన్నాయి, క్రీడా సంఘాల జూనియర్ పోటీలు ఉన్నాయి. అయినా పల్లెలో పుట్టిన బిడ్డకు చాలాసార్లు మొదటి గుమ్మం బడి మైదానమే. మన ఊళ్ళకు మైదానాలు కొదవ కాదు, కొదవ అంతా నీళ్ళకే.

అమెరికాలో కొడుకులు, కూతుళ్ళు ఉన్న మిత్రులు, "అక్కడ హైస్కూలు ఆటలతో కాలేజీ చదువు ఊరికే వస్తుందట కదా" అంటారు. వస్తుంది. కొందరికి. అక్కడ దాదాపు 80 లక్షల మంది హైస్కూలు పిల్లలు ఆటలాడతారు. వారిలో కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్పు దొరికేది నూటికి ఇద్దరికని అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్.సి.ఎ.ఎ. వారే చెబుతారు. హార్వర్డు వంటి ఐవీ లీగ్ విద్యాలయాలు ఆటకని స్కాలర్‌షిప్పు ఇవ్వనే ఇవ్వవు. డబ్బున్న దేశంలోనే లెక్క ఇట్లా ఉన్నది.

ఇక నేను చెప్పదలచిన అసలు సంగతి. హైస్కూలు ఆటకు, కాలేజీ సీటుకు మధ్య ఇంటర్మీడియట్ అనే రెండేండ్ల వంక ఉన్నది. మన పిల్లలు కొట్టుకుపోయేది అక్కడే. పదవ తరగతి దాకా మైదానంలో ఉన్న పిల్లను తీసుకుపోయి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తరగతులుండే, జానెడు ఖాళీ స్థలం లేని మేడలో పెడతాం. 19 ఏండ్ల లోపు పోటీలు సరిగ్గా ఆ రెండేండ్ల కోసమే ఉన్నాయి. ఆ పోటీలకు పోకపోతే కాలేజీ వారు అడిగే నాటికి తొమ్మిదవ తరగతి పతకం పాతబడిపోతుంది. నాలుగేండ్లు అని గడువు పెట్టారంటే అర్థం ఏమిటి? మిత్రులారా, మనం బతికే ఉన్నామని ఏటా ట్రెజరీకి పత్రం ఇచ్చుకుంటున్నాం. ఒక్క ఏడు ఇవ్వకపోతే పెన్షను ఆగుతుంది. ఆటగాడి సంగతీ అంతే. ఏటేటా తన ఆట బతికే ఉన్నదని రుజువు చేసుకోవలసిందే.

కాబట్టి మా కోడలికి నేను ఇచ్చిన జవాబు ఇది. "హైస్కూలు ఆట పనికొస్తుందమ్మా, అయితే మూడు షరతులు. రాష్ట్రం దాటి జాతీయ పోటీల దాకా పోవాలి. ఇంటర్‌లో ఆగకూడదు. ప్రతి పోటీకి సరైన సంతకంతో పత్రం అప్పటికప్పుడు తీసుకోవాలి. ఈ మూడూ ఉన్నా సీటు ఖాయమని నేను చెప్పలేను. సీటు కోసమే పరుగెత్తించేటట్లయితే చాలామందికి నిరాశే మిగులుతుంది."

అప్పుడు మా మనవరాలు పక్కగదిలోంచి వచ్చి, "తాతా, సీటు గురించి మీరంతా అడుగుతాండారు, నన్నెవరూ అడగలేదు. నేను రోజూ పొద్దున ఒక గంట పరుగెత్తల్ల, అంతే. చదువు నేను చదువుకుంటా" అన్నది. మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మైదానముండే కాలేజీ యాడుందో చూడు నాయనా" అన్నాడు. తగవు తీరిందని చెప్పను. మార్కులు తగ్గితే మళ్ళీ లేస్తుంది. ప్రస్తుతానికి ఆ పిల్ల పరుగు ఆగలేదు.

చివరగా ఒక మనవి. మనకు ఇప్పుడు పరుగెత్తే మోకాళ్ళు లేవు. కానీ కాగితం పని మనకు తెలిసినంతగా వ్యాయామోపాధ్యాయులకు తెలియదు, వారికి తీరికా లేదు. ప్రతి బడికి మనలో ఒకరు పోయి, ఆడే పిల్లలకు ఒక్కొక్క ఫైలు తెరిచి, పుట్టిన తేదీ అన్ని పత్రాలలోను ఒక్కటిగా ఉన్నదా, పేరులో అక్షరం తేడా ఉన్నదా, ఏ పోటీకి ఏ ఫారం, ఎవరి సంతకం, ఏ తేదీలోపల అని చూసిపెడితే చాలు. ఒక్కొక్క పత్రానికి రెండు నకళ్ళు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో ఉంచాలి. నేను సంక్రాంతి సెలవుల తరువాత ప్రతి శనివారం మధ్యాహ్నం మా బడిలో కూర్చోవడానికి హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకున్నాను. వచ్చేవారు రండి. బీరువా చూపించారు, దానికి చెదలు పట్టకుండా చూసే పూచీ నాది.