సాహిత్య వ్యాసము వ్రాయుట ఎట్లు?

(లక్కడ్‌కోట్ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన లక్కడ్‌కోట్ ఉన్న రాజురా ప్రాంతము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఎల్లలు మారినవి, ఇంటి భాష మారలేదు. మన పిల్లలు బడిలో మరాఠీ చదివి ఇంట తెలుగు మాట్లాడుతున్నారు. అట్టివారికి వ్యాస విషయము చేతిలోనే ఉన్నది.

గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. గోవింద బల్లాళ దేవల్ గారి మరాఠీ నాటకము ‘శారద’ 1899లో వచ్చినది. రెండింటిలోను డబ్బాశతో పసిదానిని ముసలివానికి కట్టబెట్టబూనిన తండ్రి ఉన్నాడు. ఇంతమాత్రమే వ్రాసిన అది కథాసంగ్రహము, వ్యాసము కాదు.

ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఆ పెండ్లి ఎట్లు తప్పినది? తెలుగు నాటకములో ఆడవేషము వేసిన కుర్రవానిని ముసలివానికి అంటగట్టుదురు. మరాఠీలో వధూవరులు సగోత్రులని తేలి శాస్త్రమే అడ్డుపడును. ఒకచోట ఉపాయము, వేరొకచోట శాస్త్రము. ఈ భేదము ఎందుకు? దానికి సమాధానమే వ్యాసమునకు ప్రాణము.

పిదప గ్రంథములు మరల చదివి, సాక్ష్యమిచ్చు మాటలను పుటల సంఖ్యతో వ్రాసికొనవలెను. సాక్ష్యము లేని పొగడ్త కొట్టివేయవలెను. తుదకు మన తీర్పు రెండు వాక్యములలో చెప్పవలెను.

తెలుగు మాట్లాడియు చదువలేని పిల్లలు మన ఇండ్లలో ఉన్నారు. ఈ ఉగాది మొదలు పెద్దలము వారమునకొక రంగము చదివి వినిపింతము. పిల్లలచే ఒక పుట తెలుగులో వ్రాయింతము. నోటనే ఉన్న భాష ఒక తరముతో పోవచ్చును. వ్రాతలోనికి వచ్చినది నిలుచును.