మేడిచెట్టు దిగిన తర్వాత

(అన్నవరంలో జరిగిన మన సంఘ సభలో యువతను ఉద్దేశించి పెద్దల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అన్నవరం స్టేషన్‌లో దిగి ఇక్కడికి వస్తుంటే మీరూ చూసే ఉంటారు. పసుపు బట్టల్లో కొత్త దంపతులు రత్నగిరి వైపు వెళ్తున్నారు. ఎప్పుడో మొక్కుకున్న వ్రతం చేయించుకోవడానికి ఎంతో దూరం నుంచి వచ్చారు. వాళ్ల విశ్వాసం వేరు, మనలో క్రీస్తును నమ్ముకున్నవాళ్ల విశ్వాసం వేరు. అయినా ఒప్పుకున్న మాట కోసం ఖర్చు పెట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని రావడం చూస్తే మాకు కొంచెం సిగ్గేసింది. బాప్తిస్మం నాడు మనం ఇచ్చిన మాట ఏమైంది?

ఈ సభలో క్రైస్తవులు కానివాళ్లూ ఉన్నారు, భూమి పండుగ చేసుకునే ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఇది ముఖ్యంగా క్రైస్తవ కుటుంబాల వాళ్లకు చెప్పే మాట. మిగతావాళ్లు కూడా వినండి, రేపు మమ్మల్ని నిలదీయడానికి పనికొస్తుంది.

1860లలో దుమ్ముగూడెం దగ్గర గోదావరిలో పడవల దారి కోసం పనులు జరిగేవి. ఆ పనులు చూసే ఇంజనీరు హెయిగ్ దొర. ఆయన దగ్గర వెంకటరామరాజు అనే తెలుగు ఉద్యోగి ఉండేవాడు. చుట్టూ ఉన్న కోయలకు సువార్త చెప్పేవాళ్లు లేరని ఆయన సర్కారు కొలువు వదిలేసి ఆ అడవి పల్లెల్లోనే ఉండిపోయాడు. కోయ మిషన్ అలా మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ మన కోయల భాష, ఆచారాల మీద 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో వ్యాసాలు రాశాడు. ఇక్కడికి దగ్గరలోనే మరొకాయన ఉన్నాడు, తామస్ గాబ్రియేలు. టెలిగ్రాఫ్ ఉద్యోగం వదిలి కాకినాడలో బాప్టిస్టు సంఘం మొదలుపెట్టాడు. కెనడా నుంచి వచ్చిన మెక్లారిన్ దొర 1874లో కాకినాడ చేరేనాటికే అక్కడ సంఘం ఉంది. మిషన్ బంగళాల మీద దొరల పేర్లు కనబడతాయి కానీ, జీతం వదులుకున్న ఈ ఇద్దరి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

వాళ్లు నమ్మినందుకు నెల జీతం పోయింది. మరి మనకు ఏం పోయింది? నిజం చెప్పాలంటే ఏమీ పోలేదు. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అందుకే ఎంతోమంది కాగితం మీద ఒక మతం, గుండెలో ఒక మతం పెట్టుకుని బతుకుతున్నారు. ఎస్టీలకు అలాంటి మత షరతు ఉత్తర్వులో లేదు. సర్టిఫికెట్ పోతుందన్న భయం అంతగా లేకుండానే ఆదివారం గుడికి వెళ్తున్నాం. బండి మీద సిలువ అంటించుకుంటున్నాం, క్రిస్మస్‌కి తెల్లచొక్కా కుట్టించుకుంటున్నాం, స్పీకర్లు అద్దెకు తెచ్చుకుంటున్నాం. స్పీకర్ల అద్దె మాత్రం ఏటా పెరుగుతోంది!

మనకు ఖర్చయ్యే చోటు వేరే ఉంది. అది సంతకం పెట్టే చోటు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి చేతులు మారకూడదని 1959లో రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని మరింత గట్టి చేశారు. మనం 1/70 అంటున్నది అదే. చట్టానికి చిక్కకుండా భూమి కావాలంటే వాళ్లకు మన పేరు కావాలి. పట్టా మన పేరున ఉంటుంది, జీడిమామిడి తోట అవతలివాడు అనుభవిస్తాడు, మనకు ఏడాదికి కొంత ముడుతుంది. పక్కింటి అన్నయ్య పోడు చేసిన చెలక అలాగే పోతుంది. ఆ సంతకం పెట్టిన చేత్తోనే ఆదివారం కానుకల సంచీ పట్టుకుంటే ఎలా?

సువార్తలో జక్కయ్య కథ మీకు తెలుసు. పొట్టివాడు కాబట్టి మేడిచెట్టెక్కి యేసును చూశాడు. సండే స్కూల్లో మనకు ఆ చెట్టు ఎక్కడమే నేర్పారు, యాక్షన్ సాంగులో చేతులూపుతూ ఎక్కేవాళ్లం. చెట్టు దిగాక అతడేం చేశాడో అంతగా చెప్పలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని యేసు చెప్పింది ఆ మాట విన్నాకే.

ఇది మీ మీద రాయి వెయ్యడం కాదు. మా వయసువాళ్లలోనే ఒకాయన, సంఘంలో పెద్ద, ఇలా పేరు అరువిచ్చాడు. మాకు తెలుసు. ఆయన ప్రార్థన బాగా చేస్తాడని, గుడి కప్పుకు రేకులిచ్చాడని మేమెవ్వరం నోరెత్తలేదు. అడిగినవాడు పాస్టరు గారు కాదు, పెద్ద కాదు, ఇంటర్ చదివే కుర్రాడు. "తాతా, ఆ తోట ఎవరిది?" అన్నాడు, అంతే. ఆయన ఆ వారం గుడికి రాలేదు, తర్వాతి వారం కూడా రాలేదు. మూడో వారం వచ్చి, తీసుకున్న డబ్బు తిరిగి కడతానన్నాడు. ఇంకా కడుతూనే ఉన్నాడు. పట్టా తిరిగి ఎలా సరిచేయించుకోవాలో తెలియక ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఆయనతో పాటు వెళ్లేవాళ్లు మాలో ఇద్దరే ఉన్నారు.

భోజనాలయ్యాక వెనుక వరుసలో కూర్చుంటాం. మీ ఇంట్లో ఇలాంటి కాగితాలు ఉంటే నకళ్లు తీసుకురండి. చదవడం రానివాళ్లకు చదివి చెప్పడానికి మీలో నలుగురైదుగురు కావాలి. క్రైస్తవులు కాకపోయినా పర్వాలేదు.