గిటారు చేసిన ఆడవాళ్లు



గిటారు మీరంతా చూసే ఉంటారు. సినిమాలో హీరో మెడకు తగిలించుకుని పాడతాడే, అదే. 8 అంకెకు ఒక పొడుగాటి మెడ తగిలించినట్టు ఉంటుంది. పొట్ట మీద గుండ్రటి కన్నం. తల నుంచి పొట్ట దాకా ఆరు తీగలు. మన వీణకు దూరపు చుట్టం అనుకోండి.

దాన్ని ఎవరు వాయించారో సినిమాలో చూపిస్తారు. ఎవరు చేశారో చూపించరు. ఈ పూట మాట్లాడుకునేది చేసినవాళ్ల గురించి. అందులోనూ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, కలమజూ అనే ఊళ్లో గిటార్లు చేసిన ఆడవాళ్ల గురించి. వాళ్లు చేసిన పని చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు. అది ఎలా తెలిసిందో చివరికి వస్తుంది. ముందు పని సంగతి చూద్దాం. పని తెలిస్తేనే వాళ్ల గొప్ప తెలుస్తుంది.

గిటారుకు ప్రాణం దాని ముఖం. అంటే తీగల కింద ఉండే పై పలక. ఇది స్ప్రూస్ అనే చెట్టు కలపతో చేస్తారు. చలి దేశాల్లో నిటారుగా పెరిగే చెట్టు అది. కలప తేలిక, కానీ గట్టిది. ఒక ముక్కను పుస్తకం తెరిచినట్టు మధ్యకు కోస్తారు. రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి అతికిస్తారు. అప్పుడు ఎడమ పక్క గీతలూ కుడి పక్క గీతలూ అద్దంలో చూసినట్టు సరిపోతాయి. తర్వాత చిత్రిక పట్టి పలచన చేస్తారు. ఎంత పలచన? సుమారు 3 మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో, దాదాపు అంతే.

పలక సరిగా వచ్చిందా లేదా ఎలా తెలుస్తుంది? తట్టి చూస్తారు. సంతలో కుండ కొనేటప్పుడు మీరేం చేస్తారు? వేలి కణుపుతో కొడతారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొద్దుమంటే పక్కన పెడతారు. అదే పద్ధతి. పలక మందంగా ఉంటే మోగదు. మరీ పలచనైతే మోగుతుంది గానీ విరుగుతుంది.

ఎందుకు విరుగుతుంది? ఆరు ఉక్కు తీగలు బిగిస్తే అవన్నీ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతాయి.  పగలూ రాత్రీ ఆ పలక మీద ఆ లాగుడు ఉంటుంది. అందుకని పలక అడుగున సన్నటి చెక్క పట్టీలు అతికిస్తారు. పెద్ద పట్టీలు రెండు ఇంటూ గుర్తులాగ ఒకదాన్నొకటి దాటుతాయి. చుట్టూ చిన్న పట్టీలు ఉంటాయి. ఈ ఇంటూ పద్ధతి 1840ల నుంచి అమెరికా గిటార్లలో కనిపిస్తుంది. ఇంట్లో వాసాలు పైకప్పును మోసినట్టు ఇవి పలకను మోస్తాయి. అయితే ఇంటి వాసం లావుగా ఉంటే నష్టం లేదు. ఇక్కడ లావైతే నష్టమే. పట్టీ లావుగా ఉంటే పలక ఊగదు. ఊగకపోతే మోత రాదు. ఉలితో కొంచెం కొంచెం చెక్కుతూ, గరుకు కాగితంతో రుద్దుతూ, బలం పోకుండా బరువు తగ్గించాలి. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. గిటారు పనిలో అసలు కష్టం ఇదే. బయటికి కనపడే పని కాదు. కన్నంలో అద్దం పెట్టి చూస్తే తప్ప ఎవరికీ కనపడదు.

ఇక పక్క చెక్కలు. వీటికీ, వీపు పలకకూ మహాగని కలప ఎక్కువ వాడతారు. పక్క చెక్క సన్నటి బద్ద. దాన్ని 8 ఆకారంలో వంచాలి. ఎండు చెక్కను వంచితే టక్కున విరుగుతుంది. మేదరి వాళ్లు వెదురు బద్దను తడిపి, వేడి చూపించి వంచుతారు కదా. ఇదీ అంతే. నీళ్లలో నానబెట్టి, కాలే ఇనుము మీద మెల్లగా అదిమి వంచుతారు. తొందరపడితే పగులు. ఆలస్యం చేస్తే మాడు మచ్చ. వంచిన చెక్కలను అచ్చులో బిగించి ఆరనిస్తారు.

అతికించేది తోలు జిగురుతో. పశువుల తోలును ఉడకబెట్టి చేస్తారు దాన్ని. మన వడ్రంగులు కొందరు వజ్రం అంటారు. వేడిగా ఉన్నప్పుడే రాయాలి. చల్లారితే పట్టదు. రాసిన వెంటనే ముక్క పెట్టి క్లాంపులు బిగించాలి. ఆ పూట చెయ్యి చురుగ్గా ఉండాలి. కబుర్లు కుదరవు.

మెడను వేరే చెక్కుతారు. అది పొట్టకు ఒకదాంట్లో ఒకటి దూరి పట్టుకునే అతుకుతో చేరుతుంది. మెడ మీద నూకమాను జాతి కలప పట్టీ అతికించి, దానికి అడ్డంగా సన్నటి లోహపు మెట్లు దిగ్గొడతారు. వీణకు మెట్లు ఉన్నట్టే. కానీ వీణ మెట్లను మైనంలో నిలబెడతారు, గిటారు మెట్లను కోసిన గాట్లలో బిగిస్తారు. ఈ మెట్ల మధ్య దూరం పైనుంచి కిందికి వచ్చేకొద్దీ తగ్గుతూ పోతుంది. దానికి లెక్క ఉంది. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ పొడవులో సగం దగ్గర రావాలి. తీగ 64 సెంటీమీటర్లు అయితే పన్నెండో మెట్టు 32 దగ్గర. ఒక మెట్టు వెంట్రుకవాసి పక్కకు పోయిందా, అక్కడ నొక్కినప్పుడల్లా అపస్వరమే. ఎంత గొప్పగా వాయించేవాడైనా దాన్ని దిద్దలేడు.

తర్వాత మెరుగు పని. మొత్తం వాయిద్యాన్ని గరుకు కాగితంతో రుద్దాలి. ముందు గరుకుది, తర్వాత నున్నది. మహాగని కలపకు సన్నటి రంధ్రాలు ఉంటాయి. ముద్ద పూసి వాటిని పూడుస్తారు. పై పలకకు రంగు వేస్తారు. మధ్యలో పసుపు, అంచులకు పోయేకొద్దీ గోధుమ రంగు, చివర నలుపు. పొద్దు పొడిచినట్టు ఉంటుంది. ఆ రంగు ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైందో కనపడకూడదు. దాని మీద లాకరు అనే వార్నీషు పిచికారీ చేస్తారు. ఒక పూత, ఆరబెట్టడం. మళ్లీ పూత, మళ్లీ ఆరబెట్టడం. మధ్య మధ్య రుద్దడం. చివరికి గిరగిర తిరిగే గుడ్డ చక్రం మీద పెట్టి మెరుగు పెట్టడం. లాకరు వాసన ఘాటు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గాలి ఆడని గదిలో ఆ పని చేస్తే తల తిరుగుతుంది. ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. మెరుపు కోసం పూత మందంగా వేస్తే మోత మూగపోతుంది. అందంగా కనపడ్డ గిటారల్లా బాగా మోగదు.

ఇప్పుడు కలమజూ సంగతి.

ఆ ఊళ్లో గిబ్సన్ అనే కంపెనీ 1902లో పెట్టారు. గిటార్లకు పేరు పడ్డ కంపెనీ. 1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరులో అమెరికా అందులో దిగింది. మగవాళ్లు సైన్యానికి వెళ్లిపోయారు. ఫ్యాక్టరీకి యుద్ధ సామాను చేసే పని వచ్చింది. బల్లల దగ్గర మనుషులు లేరు. అప్పుడు ఊళ్లో ఆడవాళ్లను పనిలోకి తీసుకున్నారు.

వాళ్లు నేర్చుకున్నారు. పట్టీలు చెక్కడం, రుద్దడం, అతికించడం, రంగు వేయడం నేర్చుకున్నారు. తీగలు చుట్టే పనీ చేశారు. ఆ తీగల పని చూడటానికి తేలిక. సన్నటి ఉక్కు తీగ గిరగిర తిరుగుతుంటే దాని మీద ఇంకో సన్నటి తీగను సందు లేకుండా చుట్టాలి. ఒక్క చుట్టు ఎడమైతే ఆ తీగ పనికిరాదు.

సామాను కూడా దొరకని రోజులవి. ఇనుము యుద్ధానికి కావాలి. గిటారు మెడలో గట్టిదనానికి ఒక ఇనుప కడ్డీ పెడతారు. ఆ కడ్డీ లేకుండానే చాలా గిటార్లు చేయాల్సి వచ్చింది. వెడల్పు స్ప్రూస్ దొరక్కపోతే రెండు ముక్కలకు బదులు నాలుగు ముక్కలు అతికి ముఖం చేసినవి ఉన్నాయి. స్ప్రూస్ బదులు మహాగని పెట్టినవీ ఉన్నాయి. ఇంట్లో కందిపప్పు లేకపోతే పెసరపప్పుతో సరిపెట్టడం ఆడవాళ్లకు కొత్త కాదు.

1942లో వాళ్ల కంపెనీ ఒక కొత్త రకం గిటారు తెచ్చింది. పేరు జె-45. ధర 45 డాలర్లు. అందుకే ఆ పేరు. ఆ రోజుల్లో చేసిన గిటార్ల తల మీద బంగారు రంగులో చిన్న జెండా లాంటి బొమ్మ ఉంటుంది. గిబ్సన్ అయితేనే సరి, ఇంకోటి పనికిరాదు అనే అర్థం వచ్చే మాటలు దాని మీద రాసి ఉంటాయి. అందుకే వాటిని బ్యానర్ గిటార్లు అంటారు. 1942 నుంచి 1945 దాకా ఈ గుర్తు నడిచింది. దాని మీద కంపెనీ పేరు ఉంది. చేసినవాళ్ల పేరు లేదు.

యుద్ధం 1945లో ముగిసింది. మగవాళ్లు తిరిగొచ్చారు. ఆడవాళ్లలో చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. తర్వాత కంపెనీ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఏం చెప్పారో తెలుసా? యుద్ధం రోజుల్లో వాయిద్యాలు చేయడం ఆపేశాం, యుద్ధ సామానే చేశాం అని. అంటే ఆ గిటార్లు చేయనే లేదన్నమాట! వాటంతట అవే చెట్టుకు కాశాయి కాబోలు. ఆడవాళ్లు చేశారంటే జనం కొనరని భయపడ్డారేమో అని కొందరు అంటారు. అదే నిజమైతే సిగ్గుపడాల్సిన మాటే. సరుకు చేతిలో పెట్టుకుని, మోత విని, నచ్చి కొన్నవాళ్లు చేసినవాళ్లు ఆడవాళ్లని తెలిస్తే వెనక్కి ఇస్తారా?

అరవై ఏళ్లు గడిచాయి. జాన్ థామస్ అనే ఆయన ఉన్నారు. లా కాలేజీలో పాఠాలు చెప్పేవారు, పాత గిటార్లంటే ఇష్టం. ఆయన చేతికి ఒక ఫోటో దొరికింది. ఫ్యాక్టరీ ముందు సుమారు 75 మంది ఆడవాళ్లు వరసలుగా కూర్చుని, నిలబడి ఉన్నారు. 1944 నాటి ఫోటో. యుద్ధం రోజుల్లో గిటార్ల పని జరగలేదంటే మరి ఇంతమంది ఎవరు? ఆయన వెతకడం మొదలుపెట్టారు. సరుకు పంపిన పద్దు పుస్తకాలు చూశారు. ఆ ఏళ్లలో దాదాపు 25 వేల వాయిద్యాలు బయటికి వెళ్లాయని తేల్చారు. నోటితో ఆపేశాం అన్నారు గానీ పద్దు రాసిన చెయ్యి ఆపలేదు.

తర్వాత ఆ ఆడవాళ్లను వెతికారు. పన్నెండు మంది దొరికారు. అందరూ అప్పటికి 80 ఏళ్లు దాటిన ముసలమ్మలు. ఏ పని చేశారు, ఎవరి పక్కన కూర్చున్నారు, ఎలా నేర్చుకున్నారు అని అడిగి రాసుకున్నారు. గిటార్లకు ఎక్స్‌రేలు కూడా తీయించారు. యుద్ధానికి ముందూ తర్వాతా మగవాళ్లు చేసినవీ, యుద్ధంలో ఆడవాళ్లు చేసినవీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆడవాళ్లు చేసిన వాటిలో లోపలి పని ఒక వాసి మెరుగ్గా, నాజూగ్గా ఉందని తేలింది. ఎవరికీ కనపడని చోట పని అది. వేలి కింద ఇంకా కొంచెం గరుకు తగిలితే ఇంకోసారి రుద్దారన్నమాట. ఈ సంగతులన్నీ కలిపి 2012-13 ప్రాంతంలో ఆయన పుస్తకం వేశారు.

45 డాలర్ల ఆ గిటారు ఇవాళ వేల డాలర్లు పలుకుతోంది. కొనేవాళ్లు తల మీద ఆ బంగారు జెండా ఉందా లేదా అని చూసి మరీ కొంటారు. కలమజూలో గిబ్సన్ ఫ్యాక్టరీ 1984లో మూతపడింది. అక్కడ పనిచేసిన కొందరు 1985లో అదే భవనంలో హెరిటేజ్ అనే పేరుతో మళ్లీ గిటార్లు చేయడం మొదలుపెట్టారు.

అంత దూరం మనం పోలేం. కానీ ఇలాంటి పని మన దగ్గరా ఉంది. విజయనగరం జిల్లాలో బొబ్బిలి పక్కన గొల్లపల్లి అనే ఊరు ఉంది. అక్కడ ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. గిటారు ముక్కలు కలిపి కడితే, ఆ వీణను మొద్దులోంచి బయటికి తీస్తారు. ఎప్పుడైనా ఆ వైపు వెళితే ఆగి చూడండి. ఉలి పట్టినవాళ్లతో పాటు రుద్దేవాళ్లను, మెరుగు పెట్టేవాళ్లను కూడా పలకరించండి. పేరు అడగండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కాబట్టి, ఆ పేరు రాసుకుని కూడా రావచ్చు.