కష్టకాలంలో ఆడవారి వ్యాపారం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆడవారు వ్యాపారం చేయడం మనకు కొత్త కాదు. హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో పేరున్న వర్తకురాలు. ఆమె సరుకు సిరియా దాకా పోయేది. అయినా ఈనాడు మన వీధిలో ఒక బహెన్ చిన్న దుకాణం పెడితే, "ఎన్నాళ్లు నడుస్తుందిలే" అనేవాళ్లున్నారు. మూతపడితే ఆమెకు తెలివి లేదంటారు. ఇది న్యాయమేనా?

గడిచిన కాలం చూద్దాం. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్సు అప్పుల గొడవ వచ్చింది. ఒకరి బాకీ తీర్చడానికి ఇంకొకరి దగ్గర తీసుకొని, వారం వారం వాయిదా కట్టలేక ఎందరో ఆడవారు నలిగిపోయారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ల ఒత్తిడికి కళ్లెం పడింది గాని, ఆ కంపెనీల కొత్త అప్పులూ దాదాపు ఆగిపోయాయి. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. రోజువారీ నగదుతో నడిచే కుట్టుపనులు, చిల్లర దుకాణాలు చతికిలబడ్డాయి. 2020లో రంజాను మాసమంతా లాక్‌డౌన్‌లోనే గడిచింది. హైదరాబాదు లాడ్ బజారు లక్కగాజులకు రంజానూ పెళ్లిళ్లే అసలు గిరాకీ. ఇంట్లో కూర్చొని గాజులకు రాళ్లు అతికే ఆడవారికి ఆ సీజను పోయిందంటే పొయ్యి మీదికి రావలసినది పోయినట్టే. వీటిలో ఏది ఆమె చేసిన తప్పు?

మరి నిలబడడం ఎలా? ఇంటి డబ్బు, దుకాణం డబ్బు వేరు వేరు డబ్బాల్లో ఉండాలి. పాత వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేయరాదు. ఒక్క పనినే నమ్ముకోరాదు. 2020లో జాకెట్లు కుట్టే చేతులే మాస్కులు కుట్టి ఇల్లు గడుపుకున్నాయి.

ఇక మగవారితో ఒక మాట. చుట్టరికం అడ్డం పెట్టి ఆమె దగ్గర ఉద్దెర తీసుకొని, నెలల తరబడి తిప్పేవాళ్లున్నారు. నోట్ల రద్దు కంటె ఈ దెబ్బ తక్కువేమీ కాదు. అప్పును రాసుకోమని ఖురాన్‌లో సూరె బఖరా 282వ ఆయత్ ఆదేశిస్తుంది. కాబట్టి ఆమె లెక్క పుస్తకం తీస్తే మనం చిన్నబుచ్చుకోరాదు, బాకీ కట్టాలి.

మన సంఘం కూడా కర్జె హసనా కోసం కొంత సొమ్ము విడిగా ఉంచాలని మా మనవి. ఇది దానం కాదు, తిరిగి వచ్చే డబ్బు. దుకాణం మూతపడ్డాక ఇచ్చే వెయ్యి కంటె మూతపడకముందు ఇచ్చే వంద మేలు.

అల్లాహ్ మన బహెనుల కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.